మేలుకున్నాక పాతిక నిమిషాలు: మంగళూరు ప్రమాదాన్ని రోస్టర్ వైపు నుంచి చదివితే

2010 మే 22, శనివారం. ఉదయం 6 గంటల 5 నిమిషాల ప్రాంతంలో, దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 812 విమానం మంగళూరులో దిగింది. రన్‌వే మీద ఆగలేక చివర దాటి లోయలో పడి కాలిపోయింది. అందులో 160 మంది ప్రయాణికులు, ఆరుగురు సిబ్బంది. 158 మంది చనిపోయారు, ఎనిమిది మంది బయటపడ్డారు. ఆ పూట వర్షం లేదు, గాలి లేదు. బోయింగ్ 737-800లో సాంకేతిక లోపమేదీ బయటపడలేదు. కెప్టెన్‌కు 10 వేల గంటలకు పైగా అనుభవం ఉంది. ఫస్ట్ ఆఫీసర్‌కు మంగళూరు రన్‌వే బాగా తెలుసు.

నేను క్రూ రోస్టరింగ్‌లో, అంటే ఏ పైలట్‌కు ఏ ఫ్లైట్ ఎప్పుడు అన్న డ్యూటీ పట్టిక (రోస్టర్) వేసే విభాగంలో పనిచేస్తాను. కొత్తగా చేరిన షెడ్యూలర్లకు, అప్పుడప్పుడు పైలట్లకు అలసట మీద క్లాసులు చెబుతాను. ప్రపంచంలో అలసటతో ముడిపడిన ప్రమాదాలు చాలా ఉన్నా, ముందుగా ఈ కేసే తీస్తాను. దానికి కారణం, ఇందులో రోస్టర్ తప్పు కనపడదు. డ్యూటీకి ముందు కెప్టెన్‌కు తగినంత విశ్రాంతి దొరికిందని విచారణ నివేదికే రాసింది. గంటల లెక్క సరిపోయింది, సంతకాలు ఉన్నాయి. అయినా కెప్టెన్ సీట్లో గాఢంగా నిద్రపోయాడు. రోస్టర్ రూల్స్ ప్రకారమే ఉంది కదా అని ఫైలు మూసేసేవాళ్లకు ఈ కేసు చూపించాలి.

ఆ రాత్రి ఏం జరిగింది

అదే సిబ్బంది ముందు రోజు రాత్రి 9:35కి మంగళూరులో బయల్దేరి దుబాయ్ వెళ్లారు. అక్కడ తిరుగు ప్రయాణానికి సిద్ధమయ్యే విరామం (టర్న్‌అరౌండ్) గంటంబావు పైన. దుబాయ్ టైమ్ ప్రకారం 1:06కి తిరుగు ప్రయాణం మొదలైంది. దుబాయ్ గడియారం చూస్తే అర్ధరాత్రి దాటి గంటే అయింది. కానీ వాళ్ల శరీరాలు భారత్ టైమ్ మీదే నడుస్తున్నాయి, అక్కడ అప్పటికి తెల్లవారుజాము 2:36. నైట్ డ్యూటీ గురించి చదివినవాళ్లెవరికైనా ఆ అంకె చూడగానే టెన్షన్ మొదలవుతుంది. రాత్రి 2 నుంచి 6 వరకు శరీరం పూర్తిగా నిద్ర వైపు లాగే సమయం. ఈ ఫ్లైట్ మొదటి నిమిషం నుంచి దాదాపు చివరి నిమిషం దాకా ఆ నాలుగు గంటల్లోనే నడిచింది.

కాక్‌పిట్ వాయిస్ రికార్డర్‌లో 2 గంటల 5 నిమిషాల శబ్దం దొరికింది. అందులో మొదటి గంటా 40 నిమిషాలు కెప్టెన్ నుంచి మాట లేదు. మధ్యమధ్యలో గురక, బరువైన ఊపిరి వినిపిస్తాయి. రేడియోలో మాట్లాడిందంతా ఫస్ట్ ఆఫీసరే. అంటే కెప్టెన్ మేలుకున్న దగ్గర్నుంచి ప్రమాదం దాకా ఉన్నది సుమారు పాతిక నిమిషాలు.

ఆ పాతిక నిమిషాల్లోనే పని అంతా మీద పడింది. మంగళూరులో రాడార్ రెండు రోజుల ముందు నుంచి పనిచేయడం లేదు. అందువల్ల కిందికి దిగే అనుమతి మామూలు కంటే ఆలస్యంగా, విమానాశ్రయానికి దగ్గరయ్యాక వచ్చింది. అలాంటప్పుడు ఎంత ఎత్తులో ఉన్నాం, ఇంకెంత దూరం ఉంది అని వెంటవెంటనే లెక్క వేసుకోవాలి. ఆ ప్లానింగ్ సరిగా జరగలేదు. ఎత్తు తగ్గడానికి స్పీడ్ బ్రేకులు (రెక్కల మీద లేచి గాలిని అడ్డుకునే పలకలు) తీశారు, ఎనిమిది వేల అడుగుల పైనుంచే చక్రాలు దించారు. అయినా రన్‌వేకి దగ్గరయ్యాక కూడా విమానం ఉండాల్సిన ఎత్తుకు దాదాపు రెట్టింపులో ఉంది. అప్పుడు కెప్టెన్ ఆటోపైలట్ తీసేసి నిమిషానికి దాదాపు 4 వేల అడుగుల చొప్పున కిందికి దూకించాడు. కాక్‌పిట్‌లో హెచ్చరికలు మోగుతూనే ఉన్నాయి. ఫస్ట్ ఆఫీసర్ గో అరౌండ్ (ల్యాండింగ్ వదిలేసి పైకి లేచి మళ్లీ మొదలుపెట్టడం) అని మూడుసార్లు అన్నాడు. రన్‌వే అంచును 50 అడుగుల ఎత్తులో, 144 నాట్ల వేగంతో దాటాల్సింది. దాటింది 200 అడుగుల ఎత్తులో, 160 నాట్లకు పైన.

చక్రాలు నేలను తాకింది రన్‌వే మొదలు నుంచి సుమారు 5,200 అడుగుల దగ్గర. ఉన్న పొడవు 8,033 అడుగులు. ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. అంత దూరంలో దిగినా, ఆ క్షణంలోనే పూర్తి బ్రేకులు, రివర్స్ థ్రస్ట్ (ఇంజిన్ గాలిని ముందుకు మళ్లించి వేగం తగ్గించే ఏర్పాటు) వేసి ఉంటే విమానం రన్‌వే లోపలే ఆగేదని నివేదిక లెక్క కట్టింది. కెప్టెన్ రివర్సర్ వేశాడు, బ్రేకులు మొదలుపెట్టాడు, కొన్ని సెకన్లలోనే మనసు మార్చుకుని మళ్లీ పైకి లేపబోయాడు. రివర్సర్ ఒకసారి తెరిచాక గో అరౌండ్ చేయకూడదని బోయింగ్ విధానాల్లో స్పష్టంగా ఉంది. రన్‌వే చివర లోకలైజర్ (దిగే విమానాలకు రన్‌వే మధ్యరేఖ చూపే పరికరం) యాంటెన్నా నిర్మాణానికి రెక్క తగిలింది. మంగళూరు కొండ మీద చదును చేసి కట్టిన రన్‌వే, దాని తర్వాత లోయే.

రిటైర్డ్ ఎయిర్ మార్షల్ బి.ఎన్. గోఖలే ఆధ్వర్యంలో విచారణ జరిగింది. కుదురుగా లేని అప్రోచ్‌ను (దిగడానికి రన్‌వే వైపు రావడాన్ని) కెప్టెన్ వదిలేయకపోవడం ప్రత్యక్ష కారణమని తేల్చారు. దోహదపడిన కారణాల్లో మొదట చెప్పింది సుదీర్ఘ నిద్ర, దాని నుంచి లేచాక దిగని మత్తు, అది తెల్లవారుజామున ఇంకా ఎక్కువగా పనిచేసి ఉండవచ్చన్న అంశం.

శరీరం లెక్క వేరు

నిద్రను రెండు ఒత్తిళ్లు నడిపిస్తాయి. ఒకటి, లేచి ఎన్ని గంటలైంది అన్నది. మేలుకుని ఉన్న ప్రతి గంటకూ అది పెరుగుతుంది. రెండోది గడియారం. పగలంతా పడుకున్నా సరే, తెల్లవారుజామున శరీర ఉష్ణోగ్రత అడుగుకు పడిపోతుంది, చురుకుదనం దానితోపాటే పడుతుంది. ఈ రెండూ ఒకేసారి కలిసే సమయం ఉదయం నాలుగైదు గంటలు. గల్ఫ్ నుంచి వచ్చే విమానాలు సరిగ్గా ఆ తర్వాత దిగుతాయి. శంషాబాద్‌లో తెల్లవారుజామున అరైవల్స్ దగ్గర నిలబడితే జగిత్యాల, నిజామాబాద్, కడప వైపు వెళ్లే కార్లు వరుసగా కనిపిస్తాయి. ఆ ప్రయాణికులను తీసుకొచ్చిన ఇద్దరు పైలట్లు ముందు రోజు ఉదయం ఎప్పుడు లేచారన్నది ఏ పేపర్లోనూ ఉండదు.

ఒక మామూలు ఉదాహరణ వేసి చూద్దాం. పైలట్ ఉదయం 8కి లేచాడు. పిల్లల్ని స్కూల్‌కి పంపాడు, బ్యాంకు పని చూసుకున్నాడు, మధ్యాహ్నం పడుకుందామంటే నిద్ర పట్టలేదు. రాత్రి ఎనిమిదిన్నరకు రిపోర్టింగ్. మన రికార్డు ప్రకారం అతనికి ముందు రోజంతా విశ్రాంతే. కానీ ఉదయం 6కి ల్యాండ్ అయ్యేటప్పటికి లేచి 22 గంటలు. వరుసగా 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషితో సమానంగా పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు కొలిచి చూపించారు. మన దేశంలో కారు నడిపేవాళ్లకు చట్టం పెట్టిన హద్దే 0.03. పైలట్ అయితే బ్రెత్ అనలైజర్‌లో సున్నా రావాలి. ఆ పరీక్ష చాలా కఠినంగా జరుగుతుంది, జరగాల్సిందే. నిద్రలేమిని పట్టే మీటర్ మాత్రం ఏ గేటు దగ్గరా లేదు. అందుకే అది పట్టుబడాల్సింది ముందుగా, రోస్టర్ వేసే కంప్యూటర్ దగ్గరే.

రెండో వరుస రాత్రి ఇంకా కష్టం. ఉదయం ఏడున్నరకు ఇంటికి చేరి పడుకున్న మనిషి శరీరం మధ్యాహ్నానికి తనంతట తానే లేపేస్తుంది. ఎంత చీకటి గదైనా పగటి నిద్ర ఐదారు గంటలు దాటడం కష్టం. దానిమీద మన ఇళ్లలో కుక్కర్ విజిళ్లు, కాలింగ్ బెల్లు, డెలివరీ బాయ్ ఫోన్లు, పక్క వీధి ఫంక్షన్ హాల్ డీజే. రోస్టర్‌లో 12 గంటల విశ్రాంతి అని కనిపించే చోట నిజంగా దొరికేది నాలుగున్నర గంటల నిద్ర.

సీట్లో నిద్ర పోవడమే నేరమా

ఈ కేసు గురించి టీవీల్లో, పేపర్లలో ఎక్కువగా నడిచింది గురక గురించే. కెప్టెన్ నిద్రపోయాడు, అందుకే 158 మంది పోయారు అన్నారు. నేను దీన్ని ఒప్పుకోను. ఆ టైమ్‌లో, ఆ చీకటిలో, ఒకే ఎత్తులో నిశ్శబ్దంగా సాగే క్రూయిజ్‌లో నిద్ర రావడం మనిషి చేతిలో లేదు. ప్రమాదం ఎక్కడుందంటే, ఆ నిద్రకు మొదలు, ముగింపు ఎవరూ పెట్టకపోవడంలో ఉంది.

నాసా పసిఫిక్ సముద్రం దాటే విమానాల్లో పైలట్లకు 40 నిమిషాల కునుకు అవకాశం ఇచ్చి పరీక్షించింది. వాళ్లు సగటున 26 నిమిషాలు నిద్రపోయారు. ఆ తర్వాత పనితీరు 34 శాతం, చురుకుదనం 54 శాతం మెరుగుపడ్డాయి. దీని ఆధారంగానే కంట్రోల్డ్ రెస్ట్ అనే పద్ధతి వచ్చింది. యూరప్, కెనడా, ఆస్ట్రేలియా దీన్ని అనుమతిస్తాయి, అమెరికా అనుమతించదు. యూరప్ మార్గదర్శకాల ప్రకారం ఒక పైలట్ ముందుగా చెప్పి, రెండో పైలట్ ఒప్పుకున్నాక, 45 నిమిషాలకు మించకుండా కళ్లు మూసుకోవాలి. లేచాక 20 నిమిషాలు ఏ పనీ ముట్టకూడదు. మొత్తం వ్యవహారం డిసెంట్ (కిందికి దిగడం) మొదలయ్యే అరగంట ముందే ముగియాలి. మేలుకుని ఉన్న పైలట్‌ను క్యాబిన్ సిబ్బంది మధ్యమధ్యలో పలకరించి, అతను మేలుకునే ఉన్నాడని చూసుకోవాలి.

ఈ ఒక్కొక్క షరతునూ మంగళూరు ఫ్లైట్ పక్కన పెట్టి చూడండి. ముప్పావు గంట విశ్రాంతిలో పట్టే అరగంట లోపు నిద్రలో మనిషి సాధారణంగా గాఢనిద్రలోకి పూర్తిగా దిగడు. అంతకంటే ఎక్కువసేపు పడుకుంటే దిగుతాడు. గాఢనిద్రలోంచి లేపితే కళ్లు తెరుచుకుంటాయి, మాట వస్తుంది, చేతులు అలవాటైన పనులు చేస్తాయి. ఆలస్యంగా తేరుకునేది నిర్ణయం తీసుకునే శక్తి. ఇంతవరకు చేసింది తప్పుదారి, వదిలేసి మళ్లీ మొదలుపెడదాం అనుకోగలగడం. ఆ ఉదయం అవసరమైంది సరిగ్గా అదే. గో అరౌండ్ చేస్తే పోయేది కొన్ని నిమిషాలు, కొంత ఇంధనం. మత్తు దిగని మెదడు మొదలుపెట్టిన పనిని పట్టుకుని వదలదు. ల్యాండ్ అయ్యాక రివర్సర్ వేసి మళ్లీ ఎగరబోవడం కూడా నాకు ఇందులో భాగంగానే కనిపిస్తుంది.

దీర్ఘనిద్ర కాకుండా 40 నిమిషాల కునుకు తీసి, డిసెంట్‌కు అరగంట ముందే లేచి, టీ తాగి, బ్రీఫింగ్ చేసుకుని ఉంటే? మూడున్నర గంటల సెక్టార్‌లో (ఒక టేకాఫ్ నుంచి ఒక ల్యాండింగ్ దాకా సాగే ప్రయాణంలో) అందుకు కావలసినంత సమయం ఉంది. నిద్రను నిషేధిస్తే నిద్ర ఆగదు, దొంగచాటుగా వస్తుంది. అందుకే కంట్రోల్డ్ రెస్ట్‌ను ఆపరేషన్స్ మాన్యువల్‌లో స్పష్టంగా రాసి, సిమ్యులేటర్లో ప్రాక్టీస్ చేయించాలని నేను ప్రతి క్లాసులో గట్టిగా చెబుతాను. అయితే రోస్టర్ వేసేటప్పుడు దీన్ని లెక్కలోకి తీసుకోకూడదు. కాక్‌పిట్ కునుకు ఉంది కదా అని ఇంకో రాత్రి వేయడం మొదలైతే మొత్తం చెడుతుంది.

ఫస్ట్ ఆఫీసర్ గురించి కూడా ఒక మాట. ఆయన గంటా 40 నిమిషాలు ఒంటరిగా మేలుకుని ఉన్నాడు. ఆయనకూ అదే రాత్రి, అదే తెల్లవారుజాము. ప్రమాదాన్ని ముందే గుర్తుపట్టి మూడుసార్లు చెప్పాడు. కంట్రోల్స్ తీసుకోలేదు. కో-పైలట్ తనంతట తాను గో అరౌండ్ చేయవచ్చా అన్న విషయంలో సూచనలు అస్పష్టంగా ఉన్నాయని నివేదికే రాసింది. పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పకూడదని నేర్చుకుని పెరిగిన మనలాంటి సమాజంలో, ఆ అస్పష్టత మామూలు లోపం కాదు. అలసట దీన్ని ఇంకా పెంచుతుంది, అలిసిన మనిషి గొడవకు దూరంగా ఉండాలనుకుంటాడు. ఇద్దరినీ ఒకే అలసటలో ఉంచిన రోస్టర్, ఒకరి తప్పును మరొకరు పట్టుకుంటారన్న భరోసాను కూడా బలహీనం చేస్తుంది.

రూల్స్ ఎక్కడున్నాయి

ఈ ప్రమాదం జరిగేనాటికి మన దేశంలో డ్యూటీ గంటలను నడిపించింది 1992 నాటి సర్క్యులర్. 2007లో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కొత్త నిబంధనలు తెచ్చింది, 2008లో వాటిని పక్కన పెట్టి మళ్లీ 1992కే వెళ్లింది. ప్రమాదం తర్వాత 2011లో కొత్తవి వచ్చాయి. ఆ తర్వాత పెద్ద మార్పు 2024 జనవరిలో ప్రకటించారు. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెరిగింది. రాత్రి అంటే 12 నుంచి 5 అని ఉన్నదాన్ని 6 వరకు పొడిగించారు. రాత్రి డ్యూటీలో ల్యాండింగ్‌లు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. ఎయిర్‌లైన్స్ అభ్యంతరాలతో అమలు వాయిదా పడింది. ఢిల్లీ హైకోర్టు వరకూ వెళ్లాక కొన్ని 2025 జూలై 1 నుంచి, మిగిలినవి నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి.

2025 డిసెంబర్ మొదటి వారం ఎవరూ మర్చిపోయి ఉండరు. ఇండిగో విమానాలు వేలల్లో రద్దయ్యాయి, శంషాబాద్‌లో జనం నేల మీద సూట్‌కేసులు పరుచుకుని పడుకున్నారు. శ్రీకాకుళం ఎంపీ, విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు రోజూ సమాధానం చెప్పాల్సి వచ్చింది. చివరికి రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి ఆ సంస్థకు 2026 ఫిబ్రవరి 10 వరకు మినహాయింపు ఇచ్చారు. ఆ రోజుల్లో చాలామంది పైలట్ల విశ్రాంతి రూల్స్ వల్లే ఈ గొడవ అన్నారు. రూల్ ప్రకటించింది దాదాపు రెండేళ్ల ముందు. రాత్రి ల్యాండింగ్‌లు ఆరు నుంచి రెండుకు తగ్గితే ఎంతమంది పైలట్లు కావాలో లెక్క వేయడం ఏ రోస్టర్ డెస్క్‌కైనా ఒక మధ్యాహ్నం పని. ఆ సంస్థ కూడా ప్లానింగ్ లోపాలను ఒప్పుకుంది.

ఇప్పుడు ఈ కేసులో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది. మంగళూరు-దుబాయ్-మంగళూరు రోస్టర్‌ను ఈనాటి కఠినమైన రూల్స్ మీద పెట్టి చూశాను. రాత్రి డ్యూటీకి హద్దు 8 గంటల ఫ్లైట్ టైమ్ (విమానం నడిపే సమయం), 10 గంటల ఫ్లైట్ డ్యూటీ (రిపోర్టింగ్ నుంచి చివరి ల్యాండింగ్ దాకా), రెండు ల్యాండింగ్‌లు. ఆ రోజు ఫ్లైట్ టైమ్ ఏడు గంటలకు కాస్త అటూ ఇటూ. గంట ముందు రిపోర్టింగ్ అనుకుంటే డ్యూటీ తొమ్మిదిన్నర గంటలు. ల్యాండింగ్‌లు రెండే. అన్నీ హద్దులోనే ఉన్నాయి. 2010లో చట్టబద్ధమైన ఆ డ్యూటీ, ఈనాడు కూడా చట్టబద్ధమే. కొత్త రూల్స్ అవసరం లేదని నేను అనడం లేదు, అవి ఇంకా ముందే రావాల్సింది. ఒకే రాత్రిలో నాలుగు, ఐదు ల్యాండింగ్‌లు వేసే పద్ధతిని అవి ఆపాయి. కానీ అవి గీసింది బయటి గీత. ఆ గీత లోపల మంచి రాత్రి, చెడ్డ రాత్రి రెండూ ఉంటాయి. వాటిని వేరు చేయడం రోస్టర్ వేసేవాళ్ల పని.

డెస్క్ మీద ఏం చేయాలి

విశ్రాంతి ఎన్ని గంటలు అన్న కాలమ్ పక్కన, చివరి ల్యాండింగ్ నాటికి లేచి ఎన్ని గంటలవుతుంది అన్న అంచనా కాలమ్ పెట్టుకోమని నేను చెబుతాను. మామూలుగా మనిషి ఏడు, ఎనిమిది మధ్య లేస్తాడనుకుని లెక్క వేస్తే చాలు. పగటి నిద్ర లేకుండా 18 గంటలు దాటుతుంటే ఆ పైలట్‌కు మధ్యాహ్నం నిద్ర వీలయ్యేలా చూడాలి. ఆ పూట గ్రౌండ్ ట్రైనింగ్, మెడికల్, ఆఫీస్ మీటింగ్ ఏదీ వేయకూడదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. రాత్రి దుబాయ్ ఫ్లైట్ ఉన్న మనిషికి ఉదయం 11కి ఆన్‌లైన్ క్లాస్ పెట్టడం చాలా చోట్ల మామూలే, ఏ రూల్‌నూ అది దాటదు.

తర్వాత చూడాల్సింది దిశ. డ్యూటీలు ఉదయం నుంచి మధ్యాహ్నానికి, అక్కడి నుంచి రాత్రికి జరుగుతూ పోతే శరీరం కొంత సర్దుకుంటుంది. రాత్రి ఫ్లైట్ చేసి ఒక రోజు గ్యాప్‌తో తెల్లవారుజాము 4 గంటల రిపోర్టింగ్ వేస్తే రెండు నిద్రలూ పోతాయి. మియాపూర్‌లోనో కొంపల్లిలోనో ఉండే పైలట్‌కు 4 గంటల రిపోర్టింగ్ అంటే రెండు గంటలకే లేవాలి. ఆ నిద్ర రాత్రి 8కి మొదలవ్వాలి. ఎవరికి పడుతుంది? వరుస రెండో రాత్రి వేయక తప్పకపోతే, తెల్లవారుజామున టేబుల్ టాప్ రన్‌వేల్లో (కొండ మీద చదును చేసి కట్టినవాటిలో), కొండల మధ్య రన్‌వేల్లో దిగే సెక్టార్ ఆ రాత్రికి రాకుండా చూడాలి. మంగళూరు, కోళికోడ్ లాంటివి మొదటి రాత్రివాళ్లకు ఇవ్వడం సాఫ్ట్‌వేర్‌లో ఒక్క షరతు పెడితే అయ్యే పని. ఇద్దరు పైలట్లలో కనీసం ఒకరైనా ముందు రాత్రి ఇంట్లో పడుకున్నవాళ్లు ఉండేలా జత కలపడం కూడా అంతే.

చివరిగా ఫటీగ్ రిపోర్టులు, అంటే అలసిపోయామని పైలట్లు ఇచ్చే రిపోర్టులు. ఎయిర్‌లైన్స్ వీటి వివరాలను మూడు నెలలకోసారి డీజీసీఏకి పంపాలని కొత్త నిబంధనల్లో ఉంది. దీని విలువ పైలట్లు నిజం రాయడం మీదే ఆధారపడి ఉంటుంది. అలసిపోయాను, ఈ డ్యూటీ చేయలేను అని ఫోన్ చేస్తే పది ప్రశ్నలు ఎదురవుతాయి. జ్వరం అంటే ఒక్కటీ ఉండదు. అందుకే చాలామంది జ్వరమనే చెబుతారు. దానితో ఆ డ్యూటీల వరుస, ఆ సెక్టార్, ఆ పైలట్ల జత మరీ అలసట తెచ్చేలా ఉన్నాయన్న సమాచారం సిక్ లీవ్ లెక్కల్లో కలిసిపోతుంది. వచ్చే నెల అదే పేటర్న్ మళ్లీ అచ్చవుతుంది. మీరు రోస్టర్ డెస్క్‌లో ఉంటే, ఫటీగ్ అని చెప్పిన పైలట్‌ను ఎందుకు అని అడగకండి. ముందు మూడు రోజుల డ్యూటీలు తెరిచి మీరే చూడండి. పైలట్ అయితే, జ్వరం లేనప్పుడు జ్వరమని రాయకండి. ఆ కాగితం మీద ఫటీగ్ అని రాస్తేనే ఆ పేటర్న్‌ను నేను తీసేయించగలను.